ముందు వెనక్కి

అల్లిపురంలో ప్రెస్సు మూసిన రోజు
యజమాని నాకు రెండు నెలల జీతమూ
ఎవరూ తీసుకెళ్ళని శుభలేఖల కట్టా ఇచ్చాడు.
వెనకవైపు ఖాళీయే కదా, పిల్ల లెక్కలు చేసుకుంటాదన్నాడు.

ఆ కట్టలోని ఓ కార్డు వెనకే
లెక్క వేశాం నేనూ, నూకరత్నమూ.
వయసు: నలభై నాలుగు.
తెలిసిన పని: అక్షరాలు పేర్చడం, తప్పులు దిద్దడం.
ఉన్న లైసెన్సు: కారుది. కారు లేదు.
"కంటైనర్ లారీలకి డ్రైవర్లు దొరకట్లేదట" అంది తను,
బజారులో ఉల్లిపాయలు దొరకట్లేదట అన్నంత మామూలుగా.

ఎన్.ఏ.డి. దగ్గర అద్దాల తలుపు స్కూల్లో
చల్లగా ఉంది. తెర మీద రోడ్డు కదిలింది,
నేను కదల్లేదు.
ఓ ఆవుని గుద్దాను.
అది మాయమై, మళ్ళీ వచ్చి అక్కడే నిలబడింది.
ఫీజు విన్నాక నేనూ మాయమయ్యాను,
మళ్ళీ వెళ్ళలేదు.

గాజువాకలో ఇంకొకాయన
ఫారాలు సర్దుకుంటూ, తలెత్తకుండా,
"మీరు రానక్కర్లేదండి. ఫొటోలు నాలుగు ఇచ్చీండి.
కార్డు ఇంటికొచ్చేస్తాది" అన్నాడు.
ఆశ పుట్టింది, అబద్ధమెందుకు?
ఫొటోలిచ్చి మెట్లు దిగాను.
జంక్షన్లో ఓ ట్రైలరు మలుపు తిరుగుతోంది.
దాని తోక పక్కన, స్కూటీ మీద ఓ అమ్మాయి
ఒక కాలు నేలకి ఆనించి, ఊపిరి బిగబట్టుకుని.
పైన కూచున్నవాడు
నేర్చుకుని వచ్చాడా, ఫొటోలిచ్చి వచ్చాడా?

మళ్ళీ మెట్లెక్కి
నా నాలుగు మొహాలూ అడిగి తెచ్చుకున్నాను.

షీలానగర్ అవతల, తుప్పు కంటైనర్ల వెనక,
ఆయన పేరే గురువులు.
అమ్మ పెట్టిన పేరు, బిరుదు కాదు. బోర్డు లేదు.
"ముందుకి ఎవడైనా తోల్తాడు.
నానయితే ముందు ఎనక్కి నేర్పుతాను.
నలభై రోజులు. తొలి పది రోజులూ
చక్రాలు కడగడం, నట్లు తట్టి వినడం.
ఇష్టమైతే ఉండు, లేదంటే టీ తాగి ఎల్లిపో."

టీ తాగాను. ఉండిపోయాను.

వినడమంటే నిజంగా వినడమే.
బిగుతు నట్టు ఖంగుమంటుంది,
వదులుది జలుబు చేసినట్టు పలుకుతుంది.
ఇరవయ్యేడేళ్ళు ఒత్తు ఎక్కడ జారిందో,
దీర్ఘం ఎక్కడ ఎగిరిపోయిందో చూసినవాణ్ణి
చిన్న సుత్తి పట్టుకుని
చక్రాలకి ప్రూఫు దిద్దుతున్నాను.

పదకొండో రోజు స్టీరింగు ఇచ్చాడు.
కుడికి తిప్పితే తోక ఎడమకి పోయింది.
డ్రమ్ము పడింది.
నిలబెట్టారు. మళ్ళీ పడింది.
నాతో నేర్చుకునే కుర్రాళ్ళు
నవ్వొచ్చి, నా వయసు గుర్తొచ్చి,
ఫోనుల్లోకి తలలు దించుకున్నారు.

"ఇంతకుముందు ఏటి సేసీవోడివి?"
"అచ్చుపని. మొదట్లో సీసపు అక్షరాలు
తిరగేసి పేర్చేవాణ్ణి, తిరగేసే చదివేవాణ్ణి."
గురువులు చుట్ట ఆర్పి
అద్దం వైపు గడ్డం ఎత్తాడు.
"మరింకేటి. అందులో సదువు."

చదివాను.
అద్దంలో ముందుగా యారాడ కొండ, మంచులో సగం.
తర్వాత క్రేన్లు. తర్వాత ఎర్ర దుమ్ము.
ఆ తర్వాత డ్రమ్ము,
దాని మీద ఎవరో సుద్దతో రాసిన 'ఆగుము'
తిరగబడి,
పదిహేడేళ్ళప్పుడు తొలిసారి నేను పేర్చుకున్న
నా పేరులాగే.
చేతులకి ఏదో గుర్తొచ్చింది.
తోక వెళ్ళి డ్రమ్ముని తాకింది.
ఊగింది. పడలేదు.

ఇంటికొస్తే నూకరత్నం నా గోళ్ళు చూసింది.
అదే నలుపు, వాసన వేరు.
"వచ్చిందా?" అంది.
"ఊగింది" అన్నాను.

తనకేం అర్థమైందో,
ఆ పాత శుభలేఖే తీసి, ఖర్చుల కింద
'చెప్పులు కాదు, బుట్లు' అని రాసింది.
దీర్ఘం మరిచిపోయింది.
దిద్దలేదు.